‘ముందుచూపు’ అని రాసేముందు ఒక్కసారి వెనక్కి చూడండి: వార్తలు రాసే మిత్రులకు బహిరంగ లేఖ

పత్రికల్లో, టీవీల్లో వార్తలు రాసే, దిద్దే, హెడ్డింగులు పెట్టే మిత్రులకు, వాళ్లతోపాటు పెద్దమనుషులకు ప్రసంగాలు రాసిచ్చి తెర వెనక ఉండిపోయేవాళ్లకు,

నమస్కారం.

నేను మీ పాఠకుణ్ణి, పొద్దున్నే పేపర్ చేతిలో లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుండే పాతబాపతు మనిషిని. ఒక మాట విషయంలో మీతో పేచీ పెట్టుకుందామని కూర్చున్నాను. ఆ మాట ముందుచూపు. దానికి చుట్టాలున్నారు: దూరదృష్టి, దీర్ఘదృష్టి, దార్శనికత, ఈమధ్య బాగా తిరుగుతున్న ముందస్తు. వీటన్నిటినీ మీరు ఒకే డబ్బాలో పోసి, చేతికి ఏది తగిలితే అది తీసి అతికిస్తున్నారు. పెద్దాయన ఎవరైనా పోతే దార్శనికుడు. పుట్టినరోజైతే దూరదృష్టి గల నాయకుడు. కంపెనీ లాభాల్లోకి వస్తే యాజమాన్యం ముందుచూపు. అదే కంపెనీ మరుసటేడు మునిగిందా, అప్పుడు మాత్రం ‘అనూహ్య పరిణామాలు’. లాభమేమో మూడేళ్ల ముందే కనిపించిందట, నష్టం మాత్రం గుమ్మంలోకి వచ్చేదాకా ఎవరికీ కనబడలేదట. ఇదేం చూపండీ?

సరే, మన సొంత మాటతోనే మొదలుపెడదాం. ‘ముందు’ అనే మాట ఉంది చూశారూ, భలే తమాషా అయింది. ‘ముందు వచ్చిన చెవులకన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి’ అంటాం. ఇందులో ముందు అంటే ఎప్పుడో వచ్చింది, వెనక అంటే తర్వాత వచ్చింది. అదే నోటితో ‘ముందుంది ముసళ్ల పండగ’ అంటాం, ఇక్కడ ముందు అంటే ఇంకా రానిది. ‘ముందే చెప్పానా’ అంటే నిన్నటి సంగతి, ‘ముందుముందు చూద్దాంలే’ అంటే ఎప్పటికో. ‘వెనకటికొకడు’ అని కథ ఎత్తుకుంటే పాతకాలం, ‘నా వెనక వచ్చినవాడికి ప్రమోషన్ ఇచ్చారు’ అంటే నా తర్వాత వచ్చినవాడు. ఉగ్గుపాలతో తెలుగు వచ్చినవాళ్లకి ఇందులో తికమకే లేదు, కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం తల పట్టుకుంటారు.

ఈ పురాణం ఎందుకంటే, తొందరపడి దూకేవాణ్ణి మనం ఏమంటాం? ‘ముందు చూడకుండా దూకాడు’ అని ఆపెయ్యం. ‘వెనకాముందూ చూడకుండా దూకాడు’ అంటాం. రెండూ చూడాలన్నమాట. పైగా చాలామంది నోట్లో వెనకే ముందొస్తుంది. ఈ మాట పుట్టించినవాళ్లెవరో గానీ, వెనక్కి చూడనివాడికి ముందు ఏమీ కనిపించదని వాళ్లకి బాగా తెలుసు. మీరు దాన్ని సగానికి కోసి, ముందు భాగం ఉంచుకుని వెనక భాగం పారేశారు.

ఒక ఉదాహరణ చెప్తాను. గతజల సేతుబంధనం అని మనకో మాట ఉంది, నీళ్లు పోయాక కట్ట కట్టడం అని. వెక్కిరింపుగానే వాడతాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది, వేలమంది పోయారు. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. వరదని ఊరికి ఎగువనే జలాశయాలు కట్టి ఆపాలని ఆయన చెప్పారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో. లెక్క ప్రకారం చూస్తే ఇది నీళ్లు పోయాక కట్టిన కట్టే కదా! కానీ ఎవరూ వెక్కిరించరు, ఎందుకంటే కట్టింది పోయిన నీళ్లకి కాదు, మళ్లీ వచ్చేవాటికి. బాగుంది. మరి దీన్ని మీరు ఎలా రాస్తారు? ‘విశ్వేశ్వరయ్య దూరదృష్టికి నిదర్శనం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1908ని పక్కనపెట్టి దూరదృష్టి ఒక్కటీ రాస్తే, ఆయనేదో ఒక పొద్దున కళ్లు మూసుకుని భవిష్యత్తుని దర్శించి వచ్చినట్టు ఉంటుంది. నిజానికి ఆయన ముందు చూసింది వెనక్కి. ఎంత వాన పడింది, నీళ్లు ఎటునుంచి వచ్చాయి, ఎగువన చెరువులు ఎలా తెగాయి, ఇదీ ఆయన పని. అందులో దర్శనం తక్కువ, కూడికలు ఎక్కువ.

ఇక సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల సంగతి. అమరకోశంలో పండితుడికి చెప్పిన పేర్ల వరసలో చిట్టచివర దూరదర్శి, దీర్ఘదర్శి అని వస్తాయి. అంటే పాతకాలం నుంచీ ఇవి గౌరవమైన మాటలే, నేను కాదనను. కాకపోతే అదే ఇంటి పిల్ల అయిన ‘దూరదర్శన’కి సంస్కృత నిఘంటువుల్లో రాబందు అనే అర్థం కూడా ఉంది. ఎక్కడో ఆకాశంలో ఉండి కింద కళేబరాన్ని చూసేస్తుంది కదా, అందుకని. (కొందరు నాయకుల విషయంలో మీరు తెలియకుండానే సరైన మాట వాడేశారేమో, చెప్పలేను.) తర్వాత టెలిస్కోపుకి దూరదర్శిని అని పేరు పెట్టుకున్నాం, టీవీకి దూరదర్శన్ అని పెట్టుకున్నాం. ఇవన్నీ ఎక్కడో ఉన్నదాన్ని చూడటమే గానీ ఎప్పుడో రాబోయేదాన్ని చూడటం కాదు. సంజయుడికి వ్యాసుడు ఇచ్చిన దివ్యదృష్టి కూడా అలాంటిదే, యుద్ధం అక్కడ జరుగుతుంటే ఇక్కడ కూర్చుని ధృతరాష్ట్రుడికి చెప్పడానికి పనికొచ్చింది. కాబట్టి దూరదృష్టి అనగానే రేపటిని చూసేశాడని అనుకోవాల్సిన పని లేదు, దూరం అనేక రకాలు.

అన్నిటికన్నా నన్ను నవ్వించేది దీర్ఘదృష్టి. పదో తరగతి భౌతికశాస్త్రం చదివినవాళ్లు ఒకసారి గుర్తుచేసుకోండి. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి, చత్వారం, వరసగా కంటి దోషాలు! దీర్ఘదృష్టి ఉన్నవాడికి దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి, దగ్గరివి మసక. మామూలు కంటికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది స్పష్టంగా కనబడాలి, వీడికి కనబడదు, ఎందుకంటే ప్రతిబింబం రెటీనా మీద కాకుండా దాని వెనక ఏర్పడబోతుంది. కుంభాకార కటకం పెట్టుకోవాలి. పరీక్షలో కిరణచిత్రం గీస్తే మార్కులు కూడా ఇచ్చేవారు. మీరు ‘దీర్ఘదృష్టి గల నేత’ అని రాసినప్పుడల్లా, ఇరవై ఏళ్ల తర్వాత నగరం ఎలా ఉండబోతోందో గడగడా చెబుతూ తన కాళ్ల దగ్గరే నోరు తెరుచుకుని ఉన్న మ్యాన్‌హోల్‌ని చూసుకోని మనిషి నా కళ్లముందు మెదులుతాడు. దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు ఊరికే అన్నారా? దూరం చూడగలగడమే గొప్పైతే ఆ సామెతకి పనే లేదు.

నాకూ నలభై దాటాక చత్వారం వచ్చింది లెండి. పేపర్‌ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చదివేవాణ్ణి. హెడ్డింగులు దివ్యంగా కనిపించేవి, కింద చిన్నక్షరాల్లో వార్త మాత్రం చీమల బారు. ‘దూరదృష్టితోనే అభివృద్ధి’ అని హెడ్డింగు, ఆహా అనుకునేవాణ్ణి. కళ్లజోడు కొనుక్కున్నాక కింద వార్త కూడా చదివాను. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అనేది ఎక్కడా లేదు. హెడ్డింగే ఇంకోసారి, కాస్త పొడుగ్గా, అంతే.

దార్శనికుడి గురించి ఎక్కువ చెప్పను. అసలు అర్థంలో న్యాయం, వైశేషికం, సాంఖ్యం, యోగం, మీమాంస, వేదాంతం లాంటి దర్శనాలు తెలిసినవాడు దార్శనికుడు. విజనరీ అనే ఇంగ్లిష్ మాటకి తెలుగులో ఏదో ఒకటి కావాల్సి వచ్చి దీన్ని లాక్కొచ్చారు. మాటలకి అర్థాలు మారతాయి, మారకూడదనే చాదస్తం నాకు లేదు. జనం కూడా ఒప్పేసుకున్నారు. కానీ రోజుకి నలుగురు దార్శనికులు పేపర్లో కనిపిస్తుంటే మరి ఈ దేశంలో గుంతలు ఎవరు తవ్వుతున్నారో అర్థం కాదు.

ముందస్తు మీద కూడా నాకో చిన్న ఫిర్యాదు ఉంది. ముందస్తు బెయిల్ అంటే అరెస్టుకి ముందు. ముందస్తు ఎన్నికలంటే గడువుకి ముందు. ముందస్తు అరెస్టులంటే మనిషి ఇంకా ఏమీ చెయ్యకముందు. పాపం ఒక్క మాట ఎన్ని మోస్తుంది! పోనీ మోయనివ్వండి, ‘ముందస్తు జాగ్రత్త చర్యలు’ అని మాత్రం రాయకండి. జరిగిపోయాక పడే జాగ్రత్త ఏముంటుంది, ముందుజాగ్రత్త అంటే సరిపోతుంది, ఒక మాట మిగులుతుంది కూడా.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. మూడు చేపల కథ మీ అందరికీ తెలుసు. పంచతంత్రంలో వాటి పేర్లు అనాగతవిధాత, ప్రత్యుత్పన్నమతి, యద్భవిష్యుడు. భారతంలో శాంతిపర్వంలో కూడా ఇలాంటి కథే వస్తుంది, అక్కడ దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు. (దీర్ఘ అని ఉంది కదా అని దీర్ఘసూత్రుణ్ణి కూడా పొగడ్తలో వాడేరు, పనిని సాగదీసేవాడని దానర్థం.) పంచతంత్రం కథలో బెస్తవాళ్లు రేపు వచ్చి ఈ మడుగులో వల వేద్దామని అనుకుంటారు. ఆ సంగతి మూడు చేపలకీ తెలుస్తుంది. ఇక్కడ ఆగండి. మూడింటికీ తెలుసు. ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ కనిపించలేదు. చూపు మూడింటిదీ ఒకటే. మొదటిది ఆ రాత్రే వేరే మడుగుకి వెళ్లిపోయింది, తేడా అంతా అక్కడే. దాని పేరు కూడా విడదీసి చూడండి: అనాగతం అంటే ఇంకా రానిది, విధాత అంటే ఏర్పాటు చేసేవాడు. ఆ పేరులో కన్ను లేదు, చెయ్యి ఉంది. మనం తెలుగులో చూపు అన్నాం కాబట్టి చూస్తే చాలనుకుంటున్నాం. చూసినవాళ్లు ఎప్పుడూ బోలెడుమంది. జనం చెప్పుకునే కథల్లో సహదేవుడికి జరగబోయేదంతా తెలుసు, అడిగితే గానీ చెప్పడు. అలాంటి సహదేవులు ప్రతి ఆఫీసులో నలుగురు ఉంటారు, ‘నాకు అప్పుడే తెలుసు’ అంటూ కాఫీ తాగుతూ.

రెండో చేప చచ్చినట్టు పడుకుని వలలోంచి తప్పించుకుంది. గొప్ప పనే. దానికి సమయస్ఫూర్తి అని చక్కటి మాట ఉంది. కానీ మీరేం చేస్తారంటే, ‘డ్రైవర్ ముందుచూపుతో తప్పిన పెను ప్రమాదం’ అని రాస్తారు. బ్రేకులు ఫెయిలైతే ఆయన బస్సుని పక్కనున్న మట్టిదిబ్బ ఎక్కించి ఆపాడు, యాభైమందిని కాపాడాడు, దండం పెట్టాల్సిందే. అయినా అది ముందుచూపు కాదు, చాకచక్యం. ముందుచూపు కావాలంటే ఇంకో బస్సు దగ్గరికి వెళ్లాలి. ముందురోజు రాత్రి డిపోలో ఎవరో మెకానిక్ బ్రేకు తొక్కి చూసి, ఎందుకో నచ్చక, ఇంటికి వెళ్లబోయేవాడు వెనక్కి వచ్చి కిందకి దూరి అరిగిపోయిన లైనింగు మార్చి ఉంటాడు. ఆ బస్సు పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి చేరింది. అందులో ఎవడో కిటికీ పక్కన సీటు దొరకలేదని విసుక్కున్నాడు కూడా. ఆ బస్సు గురించి మీరు ఎప్పుడూ రాయలేదు, రాయలేరు కూడా, ఎందుకంటే ఏమీ జరగలేదు.

వైటూకే గుర్తుందా? కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిపెట్టారు, 99 తర్వాత 00 వస్తే అది 2000 అనుకోవాలో 1900 అనుకోవాలో యంత్రానికి తెలియదు. ఆ ముక్క పట్టుకుని కొన్నేళ్లపాటు పాత ప్రోగ్రాములన్నీ వెతికి సరిచేశారు, మనవాళ్లు చాలామంది ఆ పని మీదే విదేశాలకి కూడా వెళ్లారు. 2000 జనవరి 1న పెద్దగా ఏమీ కాలేదు. వెంటనే ‘అదంతా ఉత్త హడావుడి’ అన్నారు. పని జరిగింది కాబట్టి ప్రమాదం జరగలేదు, ప్రమాదం జరగలేదు కాబట్టి పనే అనవసరం అన్నారు! ముందుచూపు ఉన్నవాడి ఖర్మ ఇది.

ఆ మనిషిని మనం పిలిచే పేర్లు కూడా చూడండి. పని జరగకముందు దార్శనికుడు అని ఎవరూ అనరు. శకునపక్షి అంటారు. అనుమానం మనిషి, పిరికివాడు, శుభమా అని మొదలుపెడుతుంటే ఆ మాటలేంటి అంటారు. ముందే పసిగట్టాడు అని పొగిడేది ఎప్పుడంటే అంతా అయిపోయాక. (పసిగట్టడం అంటే అసలు వాసన పట్టడం. చూపుతో పాటు మనకి ముక్కు కూడా ఉందని ఆ మాట చెబుతుంది.)

నాకు తెలిసిన ఒకామె గురించి చెప్పాలి. నేను పనిచేసిన ఆఫీసులో అకౌంట్స్ చూసేవారు, చిన్నా పెద్దా అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. వారానికోసారి లెక్కల ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని పాత చేతిరుమాల్లో చుట్టి, పై అంతస్తులో స్టోర్‌రూమ్ బీరువాలో పెట్టి తాళం వేసేవారు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. మెట్లెక్కుతుంటే మేం ఏడిపించేవాళ్లం, ‘ఏంటక్కా, ఆఫీసు తగలబడిపోతుందా?’ అని. నవ్వి ఊరుకునేవారు. ఒక నెలాఖరున, రేపు జీతాలనగా, మెయిన్ కంప్యూటర్ డిస్క్ చచ్చిపోయింది. బాగుచేయడానికి వచ్చినతను పెదవి విరిచాడు. ఆఫీసంతా టెన్షన్, ఫోన్ల మీద ఫోన్లు, ఎవరిది తప్పు అనే గొడవ అప్పుడే మొదలైపోయింది కూడా. అక్క మాత్రం పైకి వెళ్లి, ఆ చేతిరుమాలు మూట తెచ్చి టేబుల్ మీద పెట్టారు. మధ్యాహ్నానికల్లా అంతా మామూలైంది. ‘భలే ముందుచూపక్కా నీది’ అన్నాను. ‘ముందుచూపేం కాదయ్యా, వెనక ఉద్యోగంలో ఓసారి మొత్తం పోయింది, పది రోజులు కూర్చుని చేత్తో మళ్లీ ఎక్కించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారే, నేను కాలాక ఆకులు దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టాను, అంతే’ అన్నారు.

ఆ ఏడాది వార్షిక నివేదికలో ఒక వాక్యం వచ్చింది. ‘యాజమాన్యం ముందుచూపుతో ఏర్పాటు చేసిన బ్యాకప్ వ్యవస్థ వల్ల కార్యకలాపాలకు అంతరాయం కలగలేదు’ అని. యాజమాన్యానికి ఆ డిస్క్ సంగతే తెలియదు. ఆ వాక్యం రాసిన మహానుభావుడు ఎవరో కాదు, నేనే. పైనుంచి చెప్పారు, రాశాను. చేతికి ముందుచూపు తగిలింది, అతికించాను. కాబట్టి మిమ్మల్ని తిట్టే అర్హత నాకు పూర్తిగా ఉందని అనుకోకండి, మీ పనిలో ఉండే ఒత్తిడి తెలిసే రాస్తున్నాను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ముందుచూపు అని టైప్ చెయ్యబోతున్నప్పుడు, ఆ మనిషి ఏం చేశాడో, అది ఏ తేదీకి చేశాడో పక్కన రాయగలరేమో చూడండి. రాయగలిగితే ఆ మాట ఉంచండి, నాకు ఎంతో సంతోషం. రాయలేకపోతే ‘అదృష్టం’ అని రాయండి, ‘కలిసొచ్చింది’ అని రాయండి, అవి కూడా చక్కటి తెలుగు మాటలే, వాటికీ పని దొరుకుతుంది. ఇంకోటి, ఫలితం బాగుంటేనే ముందుచూపు అనుకోకండి. గొడుగు పట్టుకెళ్లిన రోజున వాన పడకపోతే అది ముందుచూపు కాకుండా పోతుందా? లాటరీ తగిలినవాడు టికెట్ ముందే కొన్నాడు కదా, అది ముందుచూపు అవుతుందా? ప్రమాదం జరగని డిపోకి కూడా ఎప్పుడైనా ఒక రిపోర్టర్‌ని పంపి చూడండి. హెడ్డింగు ఏం పెడతారో మీ ఇష్టం, ఆ చిక్కు మీది.

అక్క రిటైరైనప్పుడు సన్మానపత్రం రాసే పని మళ్లీ నా మీదే పడింది. మొదట రాసినదాంట్లో ‘దార్శనికురాలు’ అని ఉంది, సిగ్గుతో కొట్టేశాను. ‘పన్నెండేళ్ల పాటు ప్రతి శనివారం సాయంత్రం లెక్కల కాపీ తీసి స్టోర్‌రూమ్ బీరువాలో పెట్టేవారు’ అని రాసి, ముందురోజు ఆవిడకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని అంతా చదివారు, పొగడ్తల దగ్గర ఎక్కడా ఆగలేదు, ఈ వాక్యం దగ్గర ఆగి పెన్ను అడిగారు. ‘శనివారం కాదయ్యా, శుక్రవారం. కాపీ సరిగ్గా రాలేదనుకో, మళ్లీ తీసుకోడానికి ఒకరోజు చేతిలో ఉండాలి కదా’ అంటూ దిద్ది ఇచ్చారు.

ఇట్లు,
మీ పాఠకుడు